ఫ్రాంకో బత్తియాతో అనే ఇటాలియన్ గాయకుడి పాటలను ఏ వరసలో వినాలి?

అందరికీ నమస్కారం. ఇటాలియన్ సంగీతం బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి.

సిసిలీలో పుట్టిన ఫ్రాంకో బత్తియాతో (1945–2021) పాట 'లా కూరా' విన్నప్పటి నుంచి వేరే పాట మీదికి మనసు పోవడం లేదు. భాష రాకపోయినా కళ్లు చెమర్చాయి. అదే ఊపులో ఆయన మొదటి ఆల్బమ్ 'ఫేతుస్' (1972) పెట్టాను. అంతా సింథసైజర్ ప్రయోగాలే! ఇద్దరూ ఒకరేనా అనిపించింది. 1978 నాటి 'లెజిత్తో ప్రీమా దెల్లె సబ్బియే' అయితే ఇంకా వింత. పియానో మీద ఒకటే స్వరగుచ్ఛం, మధ్యలో నిశ్శబ్దం, మళ్లీ అదే. దానికి జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ పేరిట ఇచ్చే బహుమతి కూడా వచ్చింది. ఆ నిశ్శబ్దాన్ని ఎలా వినాలో నాకింకా పట్టుబడలేదు. మూడేళ్లు తిరిగేసరికి అదే మనిషి 'లా వోచే దెల్ పద్రోనే' (1981) తెచ్చాడు. ఇటలీలో పది లక్షల కాపీలు దాటిన మొదటి ఇటాలియన్ ఆల్బమ్ అదే. తర్వాత 'జెనెసి', 'గిల్గమేష్' అనే ఒపేరాలు కూడా రాశాడు.

నా సందేహాలు రెండు. ప్రయోగాల నుంచి పాప్‌కి వచ్చిన ఆ మలుపు చెవికి తెలియాలంటే మధ్యలో ఏ ఆల్బమ్‌లు వినాలి? 1995 నుంచి తత్వవేత్త మాన్లియో స్గలంబ్రో ఆయనకు పాటలు రాశాడు కదా, ఆ సాహిత్యానికి నమ్మదగ్గ ఇంగ్లీషు అనువాదం ఎక్కడ దొరుకుతుంది? యంత్రానువాదంలో కవిత్వమంతా ఆవిరైపోతోంది.