లైబ్రరీ స్టాఫ్ కమిటీ తీర్మానాలు ఫైల్లోనే ఆగిపోకుండా ఏం చేయాలి?

నమస్కారమండీ. యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. పాత పుస్తకాల తొలగింపు కోసం వేసిన స్టాఫ్ కమిటీకి ఈమధ్యే నన్ను కన్వీనర్‌ని చేశారు.

చివరిసారి ఇష్యూ అయిన తేదీ చూసి తీసేద్దామని సర్క్యులేషన్ (పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే విభాగం) వాళ్లు అంటున్నారు. నాకది సరిపోదనిపిస్తోంది. రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికి ఇవ్వరు కదా, అక్కడే కూర్చుని చదివి బల్ల మీద వదిలేసి వెళ్తారు. ఆ వాడకం ఇష్యూ లెక్కల్లోకి రాదు. తీసేయాల్సిన జాబితాలో ఉన్న ఒక నిఘంటువు తెరిచి చూస్తే, పేజీల అంచులన్నీ వేళ్ల మరకలతో నల్లబడి ఉన్నాయి. దాన్ని ఎవరూ వాడట్లేదని ఎలా అంటాం?

ఇంకో చిక్కు: మినిట్స్ (మీటింగులో అనుకున్నవాటి రికార్డు) రాస్తాం, సంతకాలు పెడతాం, ఫైలు పైకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. కమిటీకి సిఫార్సు చేసే అధికారమే ఉంది. పాఠకుల్ని దగ్గరగా చూసే సాయంత్రం షిఫ్టు వాళ్లేమో మీటింగులకు రాలేకపోతున్నారు.

ఇలాంటి కమిటీల్లో పనిచేసినవాళ్లు కాస్త చెప్పండి. బల్లల మీది పుస్తకాలు షెల్ఫులో సర్దే ముందు స్కాన్ చేసి లెక్క కట్టడం మీ దగ్గర నడుస్తోందా? ప్రతి తీర్మానం పక్కన బాధ్యుల పేరు, గడువు రాస్తే పైనుంచి జవాబు వస్తోందా? మీ మినిట్స్ నమూనా ఉంటే దయచేసి పంపండి.