కన్జ్యూమర్ కేసు ఆన్‌లైన్‌లో పెడుతుంటే విజయవాడకే పోతోంది, దయచేసి ఎవరైనా చెప్పండి

కావలి నాన్న:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండు దాటింది. కన్జ్యూమర్ కేసులు పెట్టే ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో మా బాబు కేసు నింపుతుంటే నెల్లూరు జిల్లా కమిషన్ రావడమే లేదు. విజయవాడ రాష్ట్ర కమిషన్ చూపిస్తోంది, 2,000 ఫీజు అడుగుతోంది. మూడుసార్లు మొదటి నుంచి నింపాను. ఒకసారి సగంలో లాగౌట్ అయిపోయింది. కాన్పులో బాబు కుడి భుజం నరాలు దెబ్బతిన్నాయి, ఎర్బ్స్ పాల్సీ అన్నారు. ఇప్పటికీ ఆ చెయ్యి పైకెత్తలేడు. ఆస్పత్రి ఒంగోలులో. విజయవాడ చుట్టూ తిరగడం మా వల్ల కాదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

పామూరు మేస్టారు:
నాయనా, చదువుతుంటే కడుపు తరుక్కుపోతోంది. కమిషన్లూ అవీ ఎందుకు, ముందు పోలీసు కేసు పెట్టు. ఇప్పుడు కొత్త క్రిమినల్ చట్టంలో, అదే భారతీయ న్యాయ సంహితలో, 106 సెక్షన్ ఉంది. నిర్లక్ష్యం నిర్లక్ష్యమే. అరెస్టు భయం ఉంటేనే ఈ ఆస్పత్రులు దారికొస్తాయి. మా ఊళ్లోనూ ఇట్లాంటివి చూశాం, ఎవరూ అడగరు కాబట్టే ఇట్లా తయారైంది.

పాత కోర్టు గుమాస్తా:
బాబు పుట్టిన తేదీ? ఆస్పత్రికి కట్టిన బిల్లు ఎంత?

ఒంగోలు లాయరు:
మేస్టారూ, 106 సెక్షన్ ప్రాణం పోయినప్పుడు. ఇక్కడ దేవుడి దయవల్ల బాబు బతికున్నాడు. పైగా డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు సరిపోదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చి చెప్పింది. నష్టపరిహారానికి చూపించాల్సిన నిర్లక్ష్యం వేరు, జైలుకు పంపాల్సిన నిర్లక్ష్యం వేరు.

పామూరు మేస్టారు:
పసిబిడ్డ చెయ్యి పోయిందంటే అంతకన్నా ఘోరం ఏముంటుందండీ? మాటలు మార్చి చెప్తే నొప్పి తగ్గుతుందా?

లేబర్ రూమ్ అక్క:
పదహారేళ్లు నర్సుగా చేశాను, అందుకే చెప్తున్నా తమ్ముడూ. ఎర్బ్స్ పాల్సీ వచ్చిందంటే డాక్టరు తప్పు చేసినట్టే అని కేసులో రాయొద్దు, అక్కడే ఓడిపోతారు. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుపోతుంది, దాన్ని షోల్డర్ డిస్టోషియా అంటారు. బిడ్డ లావుగా ఉన్నా, తల్లికి షుగర్ ఉన్నా ఎక్కువగా వస్తుంది, ఏమీ లేకుండానూ వస్తుంది. అసలు ప్రశ్న ఆ రెండు మూడు నిమిషాల్లో వాళ్లు ఏం చేశారన్నది. తల్లి కాళ్లు బాగా మడిచి కడుపు వైపు నొక్కారా? పొత్తికడుపు కింద, ఎముక పైన నొక్కారా? అది సరైన పద్ధతే. అట్లా కాకుండా కడుపు పైభాగాన నొక్కి, కింద నుంచి తల పట్టుకుని లాగితే అది తప్పు, నరాలు దెబ్బతినే ప్రమాదం అప్పుడు ఎక్కువ. బాబు బరువెంత? మీ ఆవిడకి షుగర్ ఉందా? ఎక్కడ నొక్కారో ఆమెనడిగి ఈ రాత్రే రాసిపెట్టుకోండి.

కావలి నాన్న:
అక్కా, బరువు 4.2 కేజీలు. షుగర్ ఏడో నెలలో వచ్చింది, మాత్రలు ఇచ్చారు. కడుపు పైభాగానే నొక్కారని మా ఆవిడ అప్పటి నుంచీ చెప్తూనే ఉంది. ఇదంతా ఫారంలో రాయాలా? నాకు ముందు నెల్లూరు ఎందుకు రావడం లేదో చెప్పండి.

కందుకూరు రవాణా:
ఆస్పత్రి ఒంగోలులో ఉంటే ఒంగోలులోనే పెట్టాలి గదా. నెల్లూరు ఎట్లా వస్తుంది?

ఒంగోలు లాయరు:
అది పాత చట్టం మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే చోట కూడా పెట్టుకోవచ్చు. ఒంగోలైనా, నెల్లూరైనా ఆయన ఇష్టం.

పాత కోర్టు గుమాస్తా:
బిల్లు ఎంత? రెండోసారి అడుగుతున్నా.

కావలి నాన్న:
68,000 సార్. ఆరోగ్యశ్రీ కాదు, చేతినుంచే కట్టాం. రసీదులున్నాయి. నేనడిగేది మాత్రం 60 లక్షలు. ఆపరేషన్, ఫిజియోథెరపీ, వాడి జీవితం మొత్తం ఉంది కదా.

పాత కోర్టు గుమాస్తా:
అదే తప్పు. ప్రతిఫలం అన్న గడిలో 60 లక్షలు వేసుంటారు. అక్కడ మీరు ఆస్పత్రికి కట్టింది వేయాలి. 50 లక్షల లోపు కట్టినవన్నీ జిల్లా కమిషన్‌కే. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 60 లక్షలు పరిహారం దగ్గర రాయండి. పుట్టిన తేదీ ఇంకా చెప్పలేదు.

కావలి నాన్న:
వచ్చే నెల 11కి రెండేళ్లు నిండుతాయి సార్. అది కూడా ముఖ్యమా?

పాత కోర్టు గుమాస్తా:
అదే అన్నిటికన్నా ముఖ్యం. కేసు పెట్టడానికి గడువు రెండేళ్లు.

కందుకూరు రవాణా:
మైనర్‌కి గడువు ఉండదంటారే?

ఒంగోలు లాయరు:
ఆ వాదనలు తర్వాత. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది, కానీ దానికి తగిన కారణం చూపాలి. చేతిలో రోజులుండగా దాని మీద ఆధారపడొద్దు. ఇంకోటి: బాబు తరఫున, తల్లిదండ్రులుగా మీ తరఫున, రెండూ అడగండి. 1998లో స్ప్రింగ్ మెడోస్ కేసులో సుప్రీంకోర్టు బిడ్డా వినియోగదారుడే, తల్లిదండ్రులూ వినియోగదారులే అంది. కేసు షీట్ తీసుకున్నారా?

కావలి నాన్న:
ఉంది, నాలుగు పేజీలు. నార్మల్ డెలివరీ, తల్లీబిడ్డా క్షేమం అని రాశారు.

లేబర్ రూమ్ అక్క:
అది డిశ్చార్జి సమ్మరీ తమ్ముడూ, కేసు షీట్ కాదు. కేసు షీట్ అంటే నెప్పుల చార్టు, అంటే పార్టోగ్రాఫ్, బిడ్డ గుండె చప్పుడు రాసిన కాగితాలు, నర్సుల నోట్సు, తల ఎన్నింటికి వచ్చింది, ఒళ్లు ఎన్నింటికి వచ్చింది, ఎవరెవరున్నారు. అన్నీ అడగండి.

ఒంగోలు లాయరు:
రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధన అది. రికార్డు మూడేళ్లు దాచాలి, అంటే ఇప్పుడు కచ్చితంగా వాళ్ల దగ్గర ఉండాలి. రేపే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఇవ్వకపోతే ఆ రసీదే మీకు సాక్ష్యం. కాగితాలు వచ్చాక ఒంగోలులో కాకుండా బయట ఊరి గైనకాలజిస్టు ఒకరి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. దాని కోసం కేసు ఆపొద్దు.

పామూరు మేస్టారు:
బాబు వైద్యం కూడా ఆపొద్దు నాయనా. జిల్లాలో పిల్లల ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ఉంటుంది, ఫిజియోథెరపీ అక్కడ ఉచితం. కేసు ఏళ్లు నడుస్తుంది, చెయ్యి అన్నేళ్లు ఆగదు.

కావలి నాన్న:
68,000 అని మార్చగానే నెల్లూరు వచ్చింది. ఫీజు సున్నా. థాంక్సండీ అందరికీ. బాబు లేచి ఏడుస్తున్నాడు, ఉంటాను.

లేబర్ రూమ్ అక్క:
మీ ఆవిడ చెప్పింది రాసిపెట్టావా తమ్ముడూ? ఎక్కడ నొక్కారన్నది?