బ్రూడర్‌లో పిల్లలు ఒకదాని ఈకలను మరొకటి పీకుతున్నాయి

ప్రశ్న: మా బ్రూడర్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచి పెంచే చోటు) 16 రోజుల వయసున్న 40 కోడిపిల్లలు ఉన్నాయి. నాలుగు రోజులుగా అవి ఒకదాని తోకను మరొకటి పొడుచుకుంటున్నాయి. ఈ ఉదయం ఒక పిల్ల తోక మొదట్లో రక్తం కనిపించింది. మిగిలినవన్నీ దాని వెంటే పడుతున్నాయి. మేతకూ నీటికీ లోటు లేదు. తెల్లని బల్బు రాత్రింబవళ్లు వెలుగుతోంది. ఏం చేయాలో దయచేసి తెలుపగలరు.

జవాబు 1: ముందుగా గాయపడిన పిల్లను వెంటనే వేరు చేయండి. కొత్తగా మొలిచే ఈక గొట్టంలో రక్తం ఉంటుంది కనుక, అది చిట్లి ఆ ఎరుపు ఒకసారి కంటబడితే మిగిలినవి పొడవడం మానవు. గాయాన్ని ఉప్పునీటితో శుభ్రం చేసి, పూర్తిగా మానిన తరువాతే తిరిగి కలపండి. తోడుగా నెమ్మదైన పిల్లనొకదాన్ని ఉంచడం మేలు. ఒంటరి పిల్ల అరిచి అరిచి నీరసిస్తుంది.

జవాబు 2: వేడి, వెలుతురు ఎక్కువయ్యాయని నా అనుమానం. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ ఉంచి, ఆపై వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించాలి. ఇప్పుడు 29 చాలు. పిల్లలు రెక్కలు జార్చి, నోరు తెరిచి, అంచులకు చేరి రొప్పుతుంటే వేడి మించినట్టే. ఎర్రబల్బు పెడితే ఆ వెలుగులో రక్తం ప్రత్యేకంగా కనబడదు.

జవాబు 3: ఇరుకును కూడా గమనించండి. ఈ వయసులో పిల్లలు రోజురోజుకూ పెరుగుతాయి, మొదట్లో సరిపోయిన గుండ్రని అడ్డు ఇప్పుడు చాలదు. మేతలో మాంసకృత్తులు 20 శాతానికి తగ్గకుండా చూడండి.

ప్రశ్న వేసినవారు: పిల్లను వేరు చేశాను, అడ్డును వెడల్పు చేశాను. అవి నిజంగానే అంచుల్లోనే పడుకుంటున్నాయి. బల్బు ఈ రాత్రికే మారుస్తాను. అందరికీ కృతజ్ఞతలు.