మాస్ ఎఫెక్ట్ 2: చివరి మిషన్‌లో ఒక్కరూ పోకుండా గట్టెక్కడం ఎలా? (స్పాయిలర్లు ఉన్నాయి)

మారతహళ్లి_బ్యాచిలర్:
అందరికీ నమస్తే. మాస్ ఎఫెక్ట్ అనే అంతరిక్ష వీడియో గేమ్ మూడు భాగాలూ కలిపిన లెజెండరీ ఎడిషన్‌లో రెండో భాగం సగంలో ఉంది. జట్టులోని జాక్, మిరాండాల లాయల్టీ మిషన్లు (వాళ్ల నమ్మకం గెలుచుకునే సొంత పనులు) ఇంకా మిగిలాయి. చివర్లో జట్టులో సగం మంది పోతారని ఆఫీసులో ఒకటే భయపెడుతున్నారు. మూడో భాగానికి అందరినీ తీసుకెళ్లాలని ఉంది. ఏది ముందు చెయ్యాలి, ఏది ఆపాలి? ఇంకోటి, మా పీజీలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. సేవ్‌ల సంగతి కూడా చెప్పండి.

నార్మండీ_నాయుడు:
తమ్ముడూ, రీపర్ ఐఎఫ్ఎఫ్ (మన ఓడని శత్రువు ఓడలా గుర్తించేలా చేసే పరికరం) తెచ్చే మిషన్ జోలికి ఇప్పుడే పోకు. అది అయిపోయిన దగ్గర్నుంచి గేమ్ లోలోపల లెక్క మొదలుపెడుతుంది. ఒకటి రెండు మిషన్లు తిరిగేసరికి శత్రువులైన కలెక్టర్లు వచ్చి మన అంతరిక్ష ఓడలో సిబ్బందిని ఎత్తుకుపోతారు. ఆ తర్వాత వెంటనే ఒమేగా 4 రిలే (చివరి మిషన్‌కి దారి తీసే ద్వారం) దాటితే ఆ సిబ్బంది అందరూ దక్కుతారు. ఒకటి నుంచి మూడు మిషన్లు చేసి వెళ్తే సగం మంది పోతారు. మూడు దాటిందా, డాక్టర్ చాక్వాస్ ఒక్కరే మిగులుతారు.

అందుకని లీజియన్ అనే రోబో సహచరుడిది తప్ప మిగతా లాయల్టీ మిషన్లన్నీ ముందే ముగించు. ఐఎఫ్ఎఫ్‌లో లీజియన్ దొరకగానే యాక్టివేట్ చేసి, దాని మిషన్ ఒక్కటీ చేసుకో, అది ఆ సందులో పట్టేస్తుంది. డీఎల్‌సీలు (అదనపు కథలు) మిగిలితే కంగారు పడకు, కథ అయిపోయాక కూడా గేమ్ సాగుతుంది.

ఓడకి మూడు అప్‌గ్రేడ్లు తప్పనిసరి. జేకబ్‌తో మాట్లాడితే కవచం, టాలీతో షీల్డు, గారస్‌తో థానిక్స్ ఫిరంగి వస్తాయి. మొదటి రెండిటికీ తలా 15,000 పల్లాడియం, ఫిరంగికి 15,000 ప్లాటినం. కవచం లేకుండా వెళ్తే జాక్ దారిలోనే చనిపోతుంది, అంతకుముందు ఎంత లాయల్టీ సంపాదించినా లాభం లేదు.

పాలకొల్లు_పారగాన్:
నాయుడు గారు లాయల్టీ సంపాదించడం చెప్పారు. చేతికొచ్చింది జారిపోయే చోట్లు నేను చెప్తా. జాక్, మిరాండా మిషన్లు రెండూ అయ్యాక ఓడలో ఇద్దరూ కొట్టుకుంటారు. పారగాన్ (మంచితనం) గానీ రెనిగేడ్ (మొండితనం) గానీ ఒక వైపు పాయింట్లు గట్టిగా లేకపోతే, రాజీ చేసే డైలాగ్ బూడిద రంగులో కనిపిస్తుంది కానీ నొక్కలేవు. అటో సగం ఇటో సగం నడిచే వాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. టాలీకి, లీజియన్‌కి కూడా ఇలాంటి గొడవే ఉంది.

టాలీ విచారణలో వాళ్ల నాన్న మీద సాక్ష్యం బయటపెట్టావంటే ఆమె లాయల్టీ పోయినట్టే. జాయీద్ మిషన్‌లో కార్మికులను కాపాడటం మంచి పనే, కానీ తర్వాత అతన్ని ఒప్పించే పారగాన్ పాయింట్లు లేకపోతే వాడు మనవాడు కాడు. లాయల్ కాని మనిషికి చివర్లో పని అప్పగిస్తే ఎంత సమర్థుడైనా ప్రమాదమే.

వైట్‌ఫీల్డ్_వాంగార్డ్:
ఇక చివరి మిషన్. లోపలి నుంచి తలుపు తెరవడానికి గొట్టంలోకి టాలీ, లీజియన్, కసుమిలలో ఒకరు వెళ్లాలి. రెండో దళానికి గారస్, జేకబ్, మిరాండాలలో ఒకరు నాయకుడు. నాయకుడు తప్పయితే గొట్టంలో ఉన్న మనిషి, ఎంత సరైనవాడైనా, తలుపు మూసుకునేలోపు దెబ్బతిని పోతాడు. జేకబ్ నేనెళ్తానని ముందుకొస్తాడు, ఒప్పుకోవద్దు. బయోటిక్ గోళానికి (మనోశక్తితో జట్టు చుట్టూ పట్టే కవచం) సమారా గానీ జాక్ గానీ. ఏ బయోటిక్ అయినా చేయొచ్చని మిరాండా అంటుంది, ఆ మాట నమ్మకు. సిబ్బందిని వెనక్కి తీసుకెళ్లడానికి మోర్డిన్‌ని పంపు, బాస్ దగ్గరికి గారస్, గ్రంట్‌ని వెంటేసుకో. ఇంకేం భయం లేదు.

నార్మండీ_నాయుడు:
చివరి వాక్యం దగ్గర ఆగండి. అలా చేస్తేనే టాలీ పోతుంది! మనం బాస్‌తో పోరాడేటప్పుడు తలుపు కాపలాకి మిగిలిన వాళ్ల బలం సగటు తీస్తుంది గేమ్. లాయల్ అయితే గారస్, గ్రంట్, జాయీద్‌లకి 4 చొప్పున, థేన్, లీజియన్, సమారా, జేకబ్, మిరాండాలకి 2, జాక్, కసుమి, టాలీ, మోర్డిన్‌లకి 1. సగటు 2 ఉంటే ఎవరికీ ఏం కాదు, తగ్గితే బలహీనుల నుంచి మొదలవుతుంది, మోర్డిన్ తర్వాత టాలీ.

12 మందీ లాయల్ అనుకుందాం. మోర్డిన్ సిబ్బందితో వెళ్లాడు, గారస్, గ్రంట్ నీతో వచ్చారు. మిగిలింది 9 మంది. జాయీద్ 4, రెండేసి వాళ్లు 10, ఒక్కోటి వాళ్లు 3, మొత్తం 17. తొమ్మిదితో భాగిస్తే 1.89. ఒకరు పోతారు.

అదే టాలీ, జాక్‌ని బాస్ దగ్గరికి తీసుకెళ్తే కాపలాలో 12, 10, కసుమి 1 కలిపి 23. సగటు 2.56. హాయిగా ఉంటుంది. బలవంతులు నీ వెంట కాదు, వెనక ఉండాలి. అలవాటుగా ఇష్టమైన ఇద్దరినీ వెంట తిప్పే వాళ్లకి ఇది అస్సలు మింగుడు పడదు.

వైట్‌ఫీల్డ్_వాంగార్డ్:
లెక్క ఒప్పుకున్నా. నీతో వచ్చే ఇద్దరూ లాయల్ అయి ఉండాలి, లేకపోతే బాస్ తర్వాత పోతారు, అది కూడా రాసుకోండి.

మారతహళ్లి_బ్యాచిలర్:
అర్థమైంది అన్నా, గారస్‌ని వెనక్కే నెడతా. మరి కరెంటు?

పాలకొల్లు_పారగాన్:
యుద్ధం మధ్యలో సేవ్ అవదు, అది ముందు గుర్తుపెట్టుకో. ఒమేగా 4 ఎక్కే ముందు గెలాక్సీ మ్యాప్ దగ్గర చేత్తో ఒక సేవ్ వేసి, ఆ స్లాట్ మళ్లీ ముట్టుకోకు. డాక్యుమెంట్స్‌లో బయోవేర్, అందులో మాస్ ఎఫెక్ట్ లెజెండరీ ఎడిషన్, అందులో సేవ్ ఫోల్డర్. దాన్ని మొత్తం పెన్‌డ్రైవ్‌లో కాపీ కొట్టు.

పీజీ ఇన్వర్టర్ చాలా చోట్ల ఫ్యాన్, లైటుకే. యూపీఎస్ కొంటే 600 వీఏ అని రాసినా చాలా వాటిలో దక్కేది దాదాపు 360 వాట్లే, గేమ్ నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు అంతకు మించి లాగితే కరెంటు పోయిన మరుక్షణం అదీ ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే ఆ బాధ లేదు, బ్యాటరీ మీదకి మారాక ఫ్రేములు పడిపోతాయంతే.

మూడో భాగానికి సేవ్ తీసుకెళ్లాలంటే కథ పూర్తవ్వాలి, కనీసం ఇద్దరు సహచరులు బతకాలి. అంతకు తగ్గితే మనం ఆడే షెపర్డ్ కూడా పోతాడు, ఆ సేవ్ మూడో భాగంలో ఎక్కదు.