సమస్యాపూరణం: "నూట యెనుబదందు నొకటె మిగులు"

ఆటవెలది నాలుగవ పాదం ఇది. సంఖ్యలను మూత్రవ్యవస్థకే అన్వయించి, యతితో పాటు శరీరశాస్త్రాన్నీ పాటిస్తూ పూరించవలసిందిగా సభ్యులను కోరడమైనది.

నల్లకుంట సభ్యుని పూరణ:

రక్తమందు వడియు రాశిని నాళిక
తిరిగి పీల్చి మేని తెరువు జేర్చు
దినము గడచుసరికి దేహపు లెక్కలో
నూట యెనుబదందు నొకటె మిగులు.

పరిశీలన: రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టినా, అందులో దాదాపు 99 శాతాన్ని వృక్కనాళికలు (మూత్రపిండాల్లోని సన్నని గొట్టాలు) తిరిగి రక్తానికే అప్పగిస్తాయన్న అసలు సంగతిని ఈ పద్యం పట్టుకున్నది. అయితే "రక్తమందు వడియు" అనడం పొసగదు; వడపోత జరిగేది భౌమన్ గుళికలో (నాళిక మొదట ఉండే గిన్నెలాంటి భాగంలో) ఒదిగి ఉన్న కేశనాళికా గుచ్ఛంలో, అంటే సన్నని రక్తనాళాల గుత్తిలో. మొదటి పాదాన్ని "గుచ్ఛమందు వడియ గొట్టము లాపయి" అని సవరిస్తే యతి నిలుస్తుంది, చోటూ సరిపోతుంది.

సికింద్రాబాదు సభ్యురాలి పూరణ:

ఎండ మండువేళ నేమియు తాగక
తిరుగువాని వృక్క మెరిగి నీటి
బొట్టు బొట్టు దాచు, పొరబడి యనకుమా
నూట యెనుబదందు నొకటె మిగులు.

పరిశీలన: సమస్యను నిషేధార్థంలోకి తిప్పిన చమత్కారం మెచ్చదగినది. మన నగరపు మే నెల ఎండలో నీరు తాగకుండా తిరిగేవారికి రోజు మూత్రం అరలీటరు దాకా తగ్గిపోవచ్చు. కానీ అమ్మా, "ఎరిగి" అన్న మాట వృక్కానికి చెల్లదు. రక్తం చిక్కబడిన సంగతిని ముందుగా పసిగట్టేది మెదడులోని హైపోథాలమస్. పీయూష గ్రంథి విడుదల చేసే హార్మోను అందిన తరువాతనే మూత్రపిండాల్లోని సంగ్రహణ నాళాలు (మూత్రాన్ని పోగుచేసే గొట్టాలు) నీటిని అధికంగా పీల్చుకుంటాయి.

మెహదీపట్నం సభ్యుడు రెండవ పాదంగా "మూత్రకోశమందు నీరు వడియు" అని పంపారు. యతీ తప్పింది, అవయవమూ తప్పింది. మూత్రాశయం వడగట్టదు, సాగే గుణమున్న పరివర్తన ఉపకళా కణజాలం లోపొరగా ఉన్నందున 400 నుండి 500 మిల్లీలీటర్ల వరకు నిలుపుకొంటుంది. "మూత్రకోశమందు మూటగట్టు" అంటే రెండు దోషాలూ తీరుతాయి.

"ఒకటిన్నర కదా?" అని అడిగిన వారికి: ఆరోగ్యవంతుల్లో రోజు మూత్రం ఒకటి నుండి రెండు లీటర్ల మధ్య ఉంటుంది, ఆటవెలదిలో ఆ అరకు చోటు దొరకలేదు.