డామన్ రీక్లెయిమ్‌ను సర్వర్లలో ఆన్ చేసి ఉంచాలా, పాత పద్ధతికే వదిలేయాలా?

రాత్రి_డ్యూటీ:
మా టీమ్‌లో రెండు వారాలుగా ఇదే గొడవ. ఎంతకీ తేలట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

మెషీన్‌లో 32 జీబీ ర్యామ్ ఉంది, లినక్స్ కెర్నల్ 6.12. పైన నడిచేది ఒక జావా అప్లికేషన్. ఎస్‌ఎస్‌డీ మీద 8 జీబీ స్వాప్, అంటే ర్యామ్ నుంచి తీసేసినవి దాచే చోటు, పెట్టాం. పగలంతా బిజీ, రాత్రి దాదాపు ఖాళీ. డామన్ గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో: ఏ పేజీలను (మెమరీలో చిన్న చిన్న ముక్కలు) ఎవరైనా ముట్టుకుంటున్నారు, ఏవి ఊరికే పడున్నాయి అని కెర్నల్ లోపలే కనిపెట్టే భాగం అది. 2021లో 5.15తో వచ్చింది. దాని మీద కట్టిన డామన్ రీక్లెయిమ్ ఆ తర్వాతి వెర్షన్ 5.16లో చేరింది. చాలాసేపు ఎవరూ తాకని పేజీలను, మెమరీకి కరువు రాకముందే బయటికి పంపేయడం దాని పని.

మొదట అన్నీ డిఫాల్ట్‌లోనే ఉంచి ఆన్ చేశాం. మూడు రోజులు చూశాం. రీక్లెయిమ్ చేసిన బైట్ల లెక్క సున్నా దగ్గరే ఉంది. ఇదేదో అలంకారానికి పెట్టినట్టుందని నవ్వుకున్నాం. తర్వాత ఒకతను డాక్యుమెంటేషన్ చూసి వాటర్‌మార్క్‌లలో, అంటే ఇది ఎప్పుడు పనిచేయాలో చెప్పే ఫ్రీ మెమరీ హద్దుల్లో, ‘లో’ (low) విలువను సున్నా చేశాడు. మర్నాడు పొద్దున మొదటి యూజర్లు లాగిన్ అవగానే స్క్రీన్లు కదల్లేదు. చూస్తే స్వాప్ నిండిపోయి ఉంది. ఇప్పుడు టీమ్‌లో సగం మంది తీసేయమంటున్నారు, సగం మంది ట్యూన్ చేద్దామంటున్నారు. నేను మధ్యలో నలిగిపోతున్నా.

పేజీఫాల్ట్:
తీసేయకండి. మీకు జరిగిన రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

డిఫాల్ట్ వాటర్‌మార్క్‌లు వెయ్యికి ఇంత అనే లెక్కలో ఉంటాయి: హై 500, మిడ్ 400, లో 200. అంటే ఫ్రీ మెమరీ 50 శాతం దాటితే అది పడుకుంటుంది. 40 కంటే తగ్గితే లేచి పని మొదలుపెడుతుంది. 20 కంటే కిందికి పోతే మళ్ళీ పక్కకు తప్పుకుని చాలాసేపటిగా వాడని పేజీలను ముందు తీసే మామూలు ఎల్‌ఆర్‌యూ రీక్లెయిమ్‌కు దారి ఇస్తుంది. మెలిక ఎక్కడంటే, ఇక్కడ ఫ్రీ అంటే నిజంగా ఖాళీగా ఉన్న పేజీలే. పేజీ క్యాష్, అంటే డిస్క్ ఫైళ్ళ కాపీలు ఉంచుకునే మెమరీ, ఆ లెక్కలోకి రాదు. నాలుగు రోజులు నడిచిన ఏ సర్వర్‌లోనైనా క్యాష్ ర్యామ్‌ను నింపేసి ఉంటుంది, నికరంగా ఖాళీ ఉండేది ఏ మూడు నాలుగు శాతమో. అంటే మీ మెషీన్ ఎప్పుడూ 20 కిందే ఉంది. అది పనిచేయక కాదు, తన వంతు రాలేదని కూర్చుంది.

లో విలువ సున్నా చేయగానే ఆ అడ్డు పోయింది. కానీ హై 500 దగ్గరే వదిలేశారు కదా? అది 16 జీబీ ఖాళీ అయ్యేదాకా తోస్తూనే ఉంటుంది. మీరే చెప్పారు దానికి, సగం ర్యామ్ ఖాళీ చేయమని.

పాతకాపు:
తమ్ముడు చెప్పిన లెక్క సరైనదే. కానీ ఆ లెక్కే నా వాదన కూడా. డిఫాల్ట్‌లో పెడితే ఏమీ చేయదు, ఒక్క అంకె మారిస్తే సగం ఇల్లు ఖాళీ చేస్తుంది. అలాంటి దాన్ని ప్రొడక్షన్‌లో ఎందుకు పెట్టుకోవాలి?

ఇంకో సంగతి. జావా అప్లికేషన్ అన్నారు కదా. హీప్‌లో, అంటే అప్లికేషన్ తన వస్తువులు పెట్టుకునే మెమరీలో, చాలాకాలం బతికినవి ఉండే ఓల్డ్ జనరేషన్ భాగం గంటల తరబడి ఎవరూ తాకకుండా ఉండొచ్చు. డామన్ రీక్లెయిమ్‌కు చల్లబడ్డం అంటే డిఫాల్ట్‌గా 120 సెకన్లు. రెండు నిమిషాలు తాకకపోతే దాని దృష్టిలో చచ్చిన పేజీయే. పాపం, బయటికి పంపేస్తుంది. తర్వాత ఏదో ఒక క్షణాన అక్కర్లేని వస్తువులను ఏరిపారేసే గార్బేజ్ కలెక్టర్ పెద్ద రౌండ్‌కు లేస్తుంది. బతికున్న వస్తువులన్నీ ఒక్కొక్కటిగా తడమాలి. పంపేసిన ప్రతి పేజీ డిస్క్ నుంచి వెనక్కి రావాలి. అప్లికేషన్ ఆగిపోయి ఉంటుంది, మీరు మాత్రం గ్రాఫ్‌లు చూసుకుంటూ కూర్చుంటారు.

6.1 నుంచి కెర్నల్‌లో మల్టీజెన్ ఎల్‌ఆర్‌యూ ఉంది. పేజీ టేబుళ్ళు నడిచి, పేజీలను తరాలుగా విడదీసి, అవసరం వచ్చినప్పుడు ముసలివాటి నుంచి తీస్తుంది. అవసరం వచ్చినప్పుడు అన్న మాట గమనించండి. ఖాళీగా పడున్న ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు. కెర్నల్ బద్ధకంగా ఉండటం లోపం కాదు, అది తెలివి.

పేజీఫాల్ట్:
పాతకాపు గారూ, ఆ బద్ధకానికి మూల్యం కట్టేది ఎవరో కూడా చెప్పండి. మెమరీ ఒక్కసారిగా కావాల్సి వచ్చి వెనకాల పేజీలు ఖాళీ చేసే కెస్వాప్‌డీ అందుకోలేకపోతే, మెమరీ అడిగిన ప్రాసెస్‌నే ఆపి, ముందు నువ్వే ఖాళీ చేసుకో అంటుంది కెర్నల్. డైరెక్ట్ రీక్లెయిమ్ అంటే అదే. అది జరిగేది సరిగ్గా లోడ్ పెరిగిన క్షణంలో. రాత్రి తీరిక ఉన్నప్పుడు కొంత సర్దిపెట్టుకుంటే పగలు ఆ దెబ్బ తప్పుతుంది. కావాల్సింది కొంతే, సగం ర్యామ్ కాదు.

గార్బేజ్ కలెక్టర్ మాట మాత్రం ఒప్పుకుంటున్నా. అక్కడ నా దగ్గర గట్టి జవాబు లేదు. స్కిప్ ఆనన్ అనే పారామీటర్ పెడితే హీప్ లాంటి, ఏ ఫైల్‌కూ చెందని అనానిమస్ పేజీల జోలికి పోదు, ఫైల్ క్యాష్‌ను మాత్రమే తీస్తుంది. జావాకు నేనైతే అక్కడినుంచే మొదలుపెడతా.

కొత్తగా_వచ్చా:
మధ్యలో అడ్డొస్తున్నా, ఏమనుకోకండి. కోటా అని ఒకటి ఉందిగా, సెకనుకు 128 ఎంబీ వరకే తీయాలి, 10 మిల్లీసెకన్ల టైమే వాడాలి అని? అది ఉండగా స్వాప్ ఎలా నిండిపోయింది?

పేజీఫాల్ట్:
మంచి ప్రశ్న, చాలామంది పొరబడేది ఇక్కడే. కోటా వేగానికి కళ్ళెం, మొత్తానికి కాదు. సెకనుకు 128 ఎంబీ చొప్పున 32 జీబీ మొత్తం దాటడానికి 256 సెకన్లు చాలు, నాలుగు నిమిషాల చిల్లర. రాత్రంతా టైమ్ ఉంది దానికి. మొత్తాన్ని ఆపేది హై వాటర్‌మార్క్ ఒక్కటే. కోటా ఉండేది సీపీయూ తినకుండా, డిస్క్ మీద ఒకేసారి పడకుండా చూడ్డానికి. కోటా సరిపోకపోతే ఎక్కువ చల్లబడ్డ ప్రాంతాలను ముందు తీస్తుంది, అది అదనపు లాభం.

పాతకాపు:
చల్లబడ్డ ప్రాంతాలు అన్నావు. పేజీలు అనలేదు, గమనించావా? డామన్ ప్రతి పేజీనీ చూడదు. మెమరీని ప్రాంతాలుగా కోసి, ఒక్కో ప్రాంతంలో ఒక్క పేజీ యాక్సెస్డ్ బిట్ (పేజీని తాకితే వెలిగే గుర్తు) తుడిచి, 5 మిల్లీసెకన్ల తర్వాత మళ్ళీ వెలిగిందా అని చూస్తుంది. ప్రాంతాలు గరిష్ఠంగా 1000. 30 జీబీని వెయ్యి ముక్కలు చేస్తే ఒక్కో ముక్క సగటున 30 ఎంబీ. 4 కేబీ పేజీలైతే ఏడున్నర వేలకు పైగా. అన్ని వేల పేజీల జాతకం ఒక్క పేజీ చేయి చూసి చెప్పేస్తుందన్నమాట. గుడ్డివాళ్ళు ఏనుగును తడిమినట్టు.

పేజీఫాల్ట్:
తడిమేది ఒక్కసారి కాదండీ. ప్రతి 5 మిల్లీసెకన్లకు ఆ ప్రాంతంలో వేరే పేజీని యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. రెండు నిమిషాల్లో 24,000 సార్లు. అన్నిసార్లు తడిమితే ఏనుగు ఎంతో కొంత తెలియాలి. పైగా ప్రాంతాల హద్దులు స్థిరంగా ఉండవు. పక్కపక్కనే ఒకేలా ప్రవర్తించేవి కలిసిపోతాయి, ఆపైన మళ్ళీ విడగొట్టి తేడా ఉందేమో చూస్తుంది. మెమరీ ఎంత పెరిగినా పని ఆ వెయ్యికి మించకపోవడమే దీని అసలు బలం. పేజీ పేజీకీ చూసేవాటికి ఆ హామీ ఉండదు.

అయినా మీ అనుమానం కొట్టిపారేసేది కాదు. పెద్ద చల్లటి ప్రాంతం మధ్యలో నాలుగు వేడి పేజీలు దాక్కోవచ్చు. అందుకే 6.10 నుంచి, బయటికి పంపే ముందు ఒక్కో పేజీ బిట్‌ను ఇంకోసారి చూసి, ఈమధ్యే ముట్టుకున్నదైతే వదిలేస్తుంది. రాత్రి_డ్యూటీ గారి కెర్నల్‌లో అది ఉంది.

పాతకాపు:
అది నాకు తెలియదు. సరే, ఆ ఒక్క పాయింటూ వెనక్కి తీసుకుంటున్నా. గార్బేజ్ కలెక్టర్ పాయింటు మాత్రం అక్కడే ఉంది.

రాత్రి_డ్యూటీ:
ఇంతా చదివి నిన్న హై 150, మిడ్ 100, లో 0 చేసి, స్కిప్ ఆనన్ కూడా పెట్టా. తెల్లారి చూస్తే మళ్ళీ ఫ్రీ 50 శాతం దగ్గర ఉంది! స్వాప్ కూడా పెరిగింది. ఇదేం మాయ?

పేజీఫాల్ట్:
కమిట్ ఇన్‌పుట్స్‌కు వై రాశారా?

రాత్రి_డ్యూటీ:
... లేదు.

పేజీఫాల్ట్:
అంతే. నడుస్తున్నప్పుడు పారామీటర్ మారిస్తే ఫైల్‌లో కొత్త విలువే కనిపిస్తుంది, లోపల మాత్రం పాతదే నడుస్తుంది. కమిట్ ఇన్‌పుట్స్‌కు వై రాస్తేనే మళ్ళీ చదువుకుంటుంది. నేనూ దీనికి ఒక వారాంతం బలిచ్చా.

పనిలో పనిగా ఇంకోటి. 6.9 నుంచి కోటా మెమ్ ప్రెషర్ అనే పారామీటర్ ఉంది. కోటా గడువులో, అంటే డిఫాల్ట్‌గా సెకనులో, మెమరీ కోసం ఎన్ని మైక్రోసెకన్లు ఆగినా పర్వాలేదో అక్కడ రాస్తారు. కెర్నల్ పీఎస్ఐ, అంటే ప్రాసెస్‌లు మెమరీ కోసం ఎంతసేపు ఆగాయో చెప్పే లెక్క, చూసుకుని, ఆగడం అంతకంటే తక్కువగా ఉంటే కోటా పెంచుకుంటుంది, ఎక్కువైతే తగ్గించుకుంటుంది. 10000 రాస్తే ఒక శాతం అన్నమాట. 120 సెకన్లు సరైనదా, 600 సరైనదా అని జుట్టు పీక్కునే బదులు, నొప్పి ఎంతవరకు ఓర్చుకోగలమో చెప్పడం తేలిక.

పాతకాపు:
తేలికే. కానీ రాత్రి పీఎస్ఐ ఎంత ఉంటుంది? సున్నా. అడిగేవాడే లేడు కదా! అప్పుడు అది ఏమనుకుంటుంది? ఎవరికీ నొప్పి లేదు, ఇంకా తోద్దాం అనుకుంటుంది. నొప్పి పొద్దున లాగిన్ అయినప్పుడు వస్తుంది, అప్పటికి పని అయిపోయి ఉంటుంది. రోజంతా ఒకేలా లోడ్ ఉండే మెషీన్‌కు ఈ ఫీడ్‌బ్యాక్ బాగుంటుందేమో. పగలూ రాత్రీ తేడా ఉన్న చోట నిన్నటి జ్వరాన్ని ఇవాళ కొలిచినట్టే.

పేజీఫాల్ట్:
ఇది నిజం. దీనికి నేను చేసేది మొరటు పద్ధతి: క్రాన్ (టైమ్ ప్రకారం కమాండ్లు నడిపేది) పెట్టి, మనుషులు పోయాక ఎనేబుల్డ్‌ను ఎన్ చేయడం, పొద్దున లోడ్ మొదలయ్యాక వై చేయడం. అందంగా లేదు, ఒప్పుకుంటా. హై వాటర్‌మార్క్ కిందికి దించితే ఇది చాలావరకు అక్కర్లేదు.

కొత్తగా_వచ్చా:
రాత్రి తీరికలో సర్దిపెట్టుకోవాలని మొదట మీరే అన్నారు. ఇప్పుడు రాత్రి ఆపేయమంటున్నారు?

పేజీఫాల్ట్:
దొరికిపోయా. జావా మెషీన్‌కు రాత్రి ఆపడం, కంపైలేషన్లు నడిచే బిల్డ్ మెషీన్‌కు రాత్రే నడపడం. రెంటికీ ఒకే సలహా ఇవ్వబోయాను మొదట.

రాత్రి_డ్యూటీ:
నాలుగు రోజుల తర్వాత అప్‌డేట్. 150, 100, 0, స్కిప్ ఆనన్, ఈసారి కమిట్ ఇన్‌పుట్స్‌తో సహా. స్వాప్ పెరగలేదు. పొద్దున లాగిన్లు మామూలుగానే ఉన్నాయి. పగలు డైరెక్ట్ రీక్లెయిమ్ కౌంటర్ తగ్గింది, కానీ ఈ నాలుగు రోజుల్లో లోడ్ కూడా తక్కువే, కాబట్టి దీనివల్లే తగ్గిందని ప్రమాణం చేయలేను. నెలాఖరు బ్యాచ్ జాబ్ రోజున తెలుస్తుంది. స్కిప్ ఆనన్ తీసే ధైర్యం మాత్రం టీమ్‌లో ఎవరికీ లేదు, నాతో సహా.

పాతకాపు:
నెలాఖరున ఏమైందో తప్పకుండా రాయి బాబూ. నేనూ ఒక టెస్ట్ మెషీన్‌లో ఆన్ చేశా నిన్న. జావా లేని దాంట్లో. కమిట్ ఇన్‌పుట్స్ మర్చిపోలేదులే.