గోల్ఫ్ కోర్సు రఫ్‌లో మన నేల మొక్కలు: బెంగళూరులో చేసినవాళ్లు ఉంటే చెప్పండి

మదనపల్లి_మాధవి
అందరికీ నమస్కారం. బెంగళూరు అంచున ఒక గోల్ఫ్ కోర్సు గార్డెన్ కమిటీలో ఉన్నాను. మొత్తం 110 ఎకరాలు. గ్రీన్లు (గుంట ఉండే నున్నటి పచ్చిక), టీలు (మొదటి దెబ్బ కొట్టే చోట్లు), ఫెయిర్‌వేలు (ఆ రెండింటి మధ్య కోసి ఉంచే దారి) కలిపి 45 ఎకరాల దాకా ఉంటాయి. మిగతా రఫ్‌ను, అంటే ఆట దారికి పక్కన ఉండే గడ్డి నేలను, కూడా వారానికోసారి కోస్తున్నాం, నీళ్లు పెడుతున్నాం. అందులో 12 ఎకరాల్లో ఇక్కడి గడ్డి, పొదలు, చెట్లు తిరిగి తేవాలని నా ఆశ. ఏ మొక్కలతో మొదలుపెట్టాలి? మాకు వచ్చేది శుద్ధి చేసిన మురుగునీరే, అది వీటికి పనికొస్తుందా? బంతులు పోతాయని గొడవపడే సభ్యులను ఎలా ఒప్పించాలి? ఇంకొకటి. 7వ హోల్ పక్కన 5 పెద్ద నిద్రగన్నేరు చెట్లున్నాయి. విదేశీ చెట్లు కాబట్టి కొట్టేయమని ఒక సలహాదారు అంటున్నారు.

కోలారు_శీను
ఆ 5 చెట్ల మీద మాత్రం చెయ్యి వేయనివ్వకండి మాధవి గారూ. మా ఆఫీసు ముందు ఇలాగే విదేశీ చెట్లని చెప్పి రెండు నిద్రగన్నేర్లు కొట్టేశారు. పైన గద్ద గూడు ఉంది, పిల్లలున్నాయి. గూడు కింద పడ్డాక ఆ తల్లి గద్ద రెండు రోజులు అక్కడే తిరిగింది. బదులుగా నాటిన కానుగ మొక్కలు నాలుగేళ్లకు నా భుజం దాకా వచ్చాయి. 60 ఏళ్ల నీడ ఎవరు తెచ్చిస్తారు?

పచ్చనేల_ప్రసాద్
శీను గారూ, బాధ అర్థమైంది. కానీ నిద్రగన్నేరు దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చింది. గుల్‌మొహర్ మడగాస్కర్‌ది, జకరండా, టబేబుయా అమెరికా ఖండాలవి. లాల్‌బాగ్ చూసుకున్న క్రుంబీగల్ లాంటివాళ్లు వీధికో రంగు పువ్వు ఉండాలని నాటించారు. అందం కోసం నాటినవాటినే అడవి అనుకుంటూ కూర్చుంటే మోదుగ, రేల, మద్ది, మేడి ఎప్పుడు వస్తాయి? పైగా గాలివానకు ఆ కొమ్మలు విరిగి ఆడేవాళ్ల మీద పడతాయి.

కోలారు_శీను
వీధుల్లో కొమ్మలు విరిగేది వేర్లు నరికి కాంక్రీట్ పోసినందుకు. తప్పు చెట్టుది కాదు. అయినా ఇల్లు కట్టకముందే ఉన్న ఇల్లు కూల్చమనే సలహా ఏమిటండీ?

పచ్చనేల_ప్రసాద్
నేను కూల్చమన్నానా? నేను రాయని మాట నాకు అంటగట్టకండి.

పచ్చిక_రాజు
ఇద్దరూ కాస్త ఆగండి. 26 ఏళ్లుగా గోల్ఫ్ కోర్సుల్లోనే పని చేస్తున్నాను, గ్రీన్ల గడ్డి చేత్తో తడిమి దానికి ఏం తక్కువైందో చెప్పగలను. కర్ణాటకలో 1976 చట్టం ప్రకారం ట్రీ ఆఫీసర్ అనుమతి లేకుండా చెట్టు కొట్టడానికి లేదు, కాబట్టి ఆ మాట పక్కన పెట్టండి. చెట్లను వాటి ఆయుష్షు తీరేదాకా ఉండనిచ్చి, నీడ అంచుల్లో కొత్తవి నాటుకుంటే సరిపోతుంది.

మాధవి గారూ, నీళ్ల గురించి మీరు అడిగిందే అసలు ప్రశ్న. ఆ నీళ్లలో నత్రజని, భాస్వరం ఎక్కువ. గరికకు, తుంగకు అదే పండగ. సన్నగా, ఎత్తుగా పెరిగే ఇక్కడి గడ్డి బీద నేలలో బతికేది. తడి, ఎరువు అందితే తుంగ దాన్ని మింగేస్తుంది. ముందుగా ఆ 12 ఎకరాల వైపు తిరిగే స్ప్రింక్లర్లను పూర్తి చుట్టు మాన్పించి సగం చుట్టుకు మార్చండి. ఎరువు ఆపండి. మొక్కలు కొనడం ఆ తర్వాత. ఈ ఒక్క పని చేయక లక్షలు పోసిన చోటు చూశాను, రెండో ఏడాదికి మళ్లీ తుంగే మిగిలింది.

హోసూరు_అనిత
రాజు గారూ, గరిక మన గడ్డి కాదా? వినాయకుడికి పెట్టేది అదే కదా.

పచ్చిక_రాజు
మనదేనమ్మా. కానీ గ్రీన్ల మీద పరిచేది సంకర జాతి, విత్తనం పట్టదు, రోజూ కోయాలి. పూజకు తెచ్చేది వేరు.

ఆకుపచ్చ_కిరణ్
ఇంత ఆలోచన దేనికండీ? మియావాకి పద్ధతి ఉంది. చదరపు మీటరుకు 3, 4 మొక్కలు నాటితే మూడేళ్లలో చిట్టడవి. మా లేఅవుట్‌లో చేశాం, ఇప్పుడు లోపలికి వెళ్లడానికి దారి లేదు. 12 ఎకరాలూ అలా నింపేయండి.

పచ్చనేల_ప్రసాద్
కిరణ్ గారూ, ఇది వింటే నిజంగా కోపం వస్తుంది. బెంగళూరు చుట్టూ ఉన్నదంతా దట్టమైన అడవి కాదు. ఆకురాల్చే అడవి, ముళ్ల పొదలు, మధ్యలో గడ్డి బయళ్లు. హెసరఘట్ట వెళ్లి చూడండి, గడ్డిలోనే ఎన్ని పిట్టలు బతుకుతున్నాయో. కౌజులు, నేలమీద గుడ్లు పెట్టే తీతువులు మీ చిట్టడవిలో ఎక్కడుండాలి? గడ్డి బయలును ఖాళీ స్థలం అనుకోవడం దగ్గరే మనం దెబ్బతిన్నాం.

ఆకుపచ్చ_కిరణ్
మా పిల్లలు చేత్తో నాటిన చెట్లు అవి. తప్పు చేశామన్నట్టు మాట్లాడకండి. కాంక్రీట్ కంటే నయం కాదా?

కోలారు_శీను
ఈ మాటలో కిరణ్ గారి వైపే నేను.

కడప_సుభద్ర
మొక్క ఎక్కడిదన్నది చిన్న విషయం కాదని మా జిల్లా వాళ్లకు తెలుసు. సర్కారు తుమ్మ విత్తనాలు 1877లో తెప్పించి నాటింది మా కడప జిల్లా కమలాపురంలోనే. వంటచెరకు వస్తుందని మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. ఈరోజు మా నాన్నగారి రెండెకరాల్లో అదే కంప. జేసీబీతో పీకించినా వేరు ముక్క నుంచి మళ్లీ వచ్చింది. మాధవి అమ్మా, నాటేముందు మీ రఫ్‌లో లంటానా, వయ్యారిభామ ఎంత ఉందో చూసుకో. లంటానాను పైపైన నరికితే రెట్టింపు వస్తుంది. మట్టిలోపల వేరు మొదలు దగ్గర నరికి తలకిందులుగా పెట్టాలి, కాయ పట్టకముందే. పిట్టలు విత్తనాలు తెస్తూనే ఉంటాయి, మూడు వానాకాలాలు వదలకుండా చేయాలి. వయ్యారిభామను పూతకు రాకముందు గ్లౌజులు వేసుకుని పీకాలి. మా పనిమనిషికి దాంతో చేతులంతా దద్దుర్లు వచ్చాయి.

విల్లా_42
మా ఇల్లు ఇలాంటి కోర్సు పక్కనే. గడ్డి వదిలేస్తే పాములు రావా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మీలో ఎవరికీ ఆ టెన్షన్ ఉన్నట్టు లేదు.

పచ్చిక_రాజు
భయం న్యాయమైనదే. ఇళ్లకు, నడిచే దారికి ఆనుకుని 15 అడుగులు పొట్టిగా కోసి ఉంచాలి. జెర్రిపోతు ఉంటే ఎలుకలు తగ్గుతాయి. పాము వచ్చేది ఎలుక కోసం, ఎలుక వచ్చేది చెత్తడబ్బా కోసం.

చెన్నై_వెంకట్
మాకు చెన్నైలో లెక్క వేరు. మా వానలు అక్టోబరు నుంచి డిసెంబరు, కాబట్టి నాటేది సెప్టెంబరు చివర. ఇక్కడి అసలు అడవి ఎప్పుడూ పచ్చగా ఉండే పొట్టి అడవి. పాల, అల్లి, కలివి లాంటివి, ఉప్పుగాలిని తట్టుకుంటాయి. గిండీ పార్కులో ఇంకా కనిపిస్తాయి. బెంగళూరు జాబితా చూసి ఇక్కడ నాటి డబ్బు పోగొట్టుకున్నాను.

బడి_టీచర్_లలిత
పొదలు మరిచిపోకండి. జిల్లేడు ఉంటే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక వస్తుంది. మారేడు, కరివేపాకు ఉంటే నిమ్మ సీతాకోకచిలుక. ఈశ్వరి తీగ మీద క్రిమ్సన్ రోజ్ గుడ్లు పెడుతుంది. ఆకులు తింటున్నాయని మందు కొట్టకుండా ఉంటే చాలు. గంధం మాత్రం వద్దు. మా బడి ఆవరణలో ఒక్కటే ఉండేది, రాత్రికి రాత్రి రంపంతో కోసుకుపోయారు.

మదనపల్లి_మాధవి
అందరికీ ధన్యవాదాలు. నిన్న కమిటీ కూర్చుంది. నిద్రగన్నేర్లు ఉంటాయి. 12 కాదు, 3 ఎకరాలకు ఒప్పుకున్నారు. బంతులు పడే చోట కాకుండా టీల వెనుక, రెండు ఫెయిర్‌వేల మధ్య. స్ప్రింక్లర్లు ఈ నెలలోనే మారుస్తాం. అయితే ఈరోజు పొద్దున 12వ హోల్ బంకర్ (ఇసుక గుంట) పక్కన గులకరాళ్లలో తీతువు 4 గుడ్లు పెట్టి ఉంది. ఆటగాళ్ల బ్యాగు మోసే కాడీ కుర్రాడు చూపించాడు. పక్కకు జరపవచ్చా?

పచ్చిక_రాజు
ముట్టుకోవద్దు తల్లీ. చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి. కమిటీ దాన్ని ఆడకూడని చోటుగా గుర్తిస్తే లోపల పడ్డ బంతికి పెనాల్టీ లేకుండా బయట పెట్టుకుని ఆడవచ్చు, సభ్యులకు నష్టం లేదు. పొదిగేది దాదాపు 4 వారాలు. అప్పటిదాకా ఆ బంకర్ దగ్గరికి కోత యంత్రం రాకుండా చూడండి.

కోలారు_శీను
పిల్లలు బయటికి వచ్చాక ఫొటో పెట్టండి మాధవి గారూ.